ముందెక్కి చూసొచ్చిన మేస్త్రీ

ఆపకమ్మా, ఉండనీ. ఆ వీడియో మళ్లీ మొదట్నించి పెట్టు. ఫోను కొంచెం ఇటు తిప్పు, నాకు ఆ పక్క కన్ను ఆనదు. ఆఁ, మీ నాన్నే. పోయి ఐదేళ్లు కావస్తోంది, గొంతు చూడు, పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంది. ఏంటీ, రేపు కాలేజీ ఫంక్షన్లో నువ్వూ మైకు పట్టుకుంటావా? నాన్న చెప్పిన జోకులే చెప్తావా? చెప్పు, తప్పేముంది. ఆ చెట్టు సంగతి కూడానా. అందులో మేస్త్రీ ఉంటాడే, ముందు తనెక్కి చూసొచ్చిన మేస్త్రీ, అది నేనేనా అని అడగడానికొచ్చావా ఇంత ఎండలో. నేనేనమ్మా. సువర్ణరాజు మేస్త్రీ అంటే ముసునూరు దాకా ఇంకెవరున్నారు. పేరు పెట్టి మరీ చెప్తానంటావు, అందరి ముందూ దణ్ణం పెడతానంటావు. సరే, కూర్చో సింధూరా. ఆ మాట మీద నాకొక పేచీ ఉంది, చెప్తాను, తొందరపడకు.

మీ నాన్న ఆంజనేయులు మా కోత ముఠాలోకి వచ్చేసరికి వాడికింకా మీసం సరిగా రాలేదు. చెట్టు మీద ఉడతే. మామిడికాయ తొడిమతో కోయాలమ్మా, తొడిమ ఊడితే సొన కారుతుంది, కాయ మీద పడితే కాయకి మచ్చ, మొహం మీద పడితే మొహానికి మచ్చ. మీ నాన్న బుగ్గ మీద నల్లగా ఉండేదే, అదే. పెళ్లిచూపుల్లో మీ అమ్మ భవాని ఆ మచ్చేంటని అడిగితే, అందగాణ్ణి కదా, మా అమ్మ పెట్టిన దిష్టిచుక్క, చెరగట్లేదు అన్నాడంట. మీ అమ్మ నవ్వేసింది, పెళ్లి కుదిరిపోయింది. అదీ వాడి వరస. పైన కొమ్మ మీద కూర్చుని ఏదో ఒకటి అనేవాడు, కింద గోతం పట్టుకున్నవాళ్లు నవ్వుతూ కాయ వదిలేసేవాళ్లు, నేను అందర్నీ కలిపి తిట్టేవాణ్ణి. ఏం చెప్తున్నాను? ఆఁ, పద్ధతి. మా ముఠాలో ఒక పద్ధతి ఉండేది, మా నాన్న పెట్టింది. వానొచ్చిన మర్నాడు పాత చెట్టెక్కాలంటే ముందు మేస్త్రీ ఎక్కాలి. రెండో పంగ దాకా పోయి, కొమ్మలు తొక్కి చూసి, దిగొచ్చి, అప్పుడు మనిషిని పంపాలి. జి. కొండూరు ముఠాలు మమ్మల్ని చూసి నవ్వేవి. నవ్వనీ, ముప్పై ఏళ్లలో మా వాళ్లెవరూ పడలేదు. పడింది మీ నాన్నొక్కడే.

ఆ తర్వాత సంగతి నువ్వు చిన్నదానివి, ఏం గుర్తుంటుంది. తుంటి విరిగింది, కాలు పొట్టిదైపోయింది, రెండేళ్లు మంచం. మీ అమ్మ తోటల్లోకి పోతే వీడు పొయ్యి దగ్గర. కర్రతో లేచాక ప్యాకింగ్ షెడ్లో కూర్చోబెట్టాం, కాయలు ఏరడానికి. అక్కడ మొదలుపెట్టాడు. తన కాలి మీద తనే జోకులు. అట్టపెట్టెలు మడిచే మనోజ్ లేడూ, వాడు వీడియో తీసి ఎక్కడెక్కడికో పంపాడు, విజయవాడ వాళ్లు పిలిచారు, తర్వాత హైదరాబాదు. పది నిమిషాలు నిలబడి మాట్లాడితే జనం టిక్కెట్టు కొని వస్తారంటే నేను నమ్మలేదు. మాట్లాడటానికేం, మా ఆవిడ రోజంతా మాట్లాడేది, ఎవడు కొన్నాడు టిక్కెట్టు?

ఒకసారి తన షోకి నన్నూ రమ్మన్నాడు. మావయ్యా, నువ్వు రావాల్సిందే అన్నాడు. నాకు లోపల గుబులు. చెట్టు సంగతి చెప్తున్నాడని మనోజ్ అననే అన్నాడు. ఎందుకు గుబులో చెప్తానుండు, అదే నా పేచీ. వాడు పడ్డ రోజు తెల్లవార్లూ వాన. కాయ కొనే భాస్కరరావుగారి లారీ వచ్చి నిలబడింది, ఆయన ఫోను మీద ఫోను, కాయ ఎక్కించారా ఎక్కించారా అని. నాకు మోకాళ్ల నెప్పులు. టీ గ్లాసు చేతిలో ఉంది. మీ నాన్న ఆ పూట కొంచెం ఆలస్యంగా వచ్చాడు. చెట్టు కిందకొచ్చి, చూశావా మావయ్యా, అని అడిగాడు. చూశాన్లేరా, ఎక్కు, అన్నాను. ఎక్కలేదమ్మా నేను. కింద నించి తలెత్తి చూశాను, అంతే. మూడో కొమ్మ లోపలంతా పుచ్చు, వాడు కాలు వెయ్యగానే విరిగింది. ఈ మాట మీ అమ్మకి కూడా తెలీదు.

ఇంక ఆ షో. విజయవాడ బెంజిసర్కిల్ దగ్గర మేడ మీద కాఫీ హోటలు, వందమంది కుర్రకారు, నేనొక్కణ్ణే పంచె. మీ నాన్న కర్ర పక్కన పెట్టి మైకు పట్టుకున్నాడు. నా పేరు ఆంజనేయులండి, చెట్టు మీంచి పడ్డ మొదటి ఆంజనేయుణ్ణి నేనే అన్నాడు. గొల్లుమన్నారు. డాక్టరుగారు చూసి కాలు ముప్పై తొమ్మిది శాతం పోయిందన్నారండి, పెన్షన్‌కి నలభై ఉండాలంట, ఆ ఒక్క శాతం కోసం మళ్లీ ఎక్కమంటారా అని అడిగానండి, అన్నాడు. ఇప్పుడు వస్తుంది నా సంగతి, ఇప్పుడు వస్తుంది అని కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. వచ్చింది. నువ్వు ఇందాక పెట్టావే, అదే మాట. మా మేస్త్రీ పద్ధతైన మనిషండి, ముందు ఆయనెక్కి తొక్కి చూసొచ్చాకే నన్ను పంపాడు, ఆయన తొంభై కేజీలు, నేను యాభై, ఆయన్ని మోసిన కొమ్మ నన్ను మోయలేదండి, అంటే బరువు ఒంట్లో లేదు, జాతకంలో ఉంది. బల్లలు గుద్ది నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గులేకుండా నవ్వాను, బతికిపోయానని.

బస్టాండ్లో ఉండబట్టలేక అడిగేశాను. ఒరే, నేను ఆ రోజు ఎక్కలేదురా, నీకు తెలీదు, అన్నాను. వాడు పల్లీలు తింటున్నాడు. తెలుసు మావయ్యా, అన్నాడు. చెట్టు మొదలు మీద ఎవరి కాలి బురదా లేదు, ఎక్కేముందే చూశాను. మరెందుకు ఎక్కావురా అంటే, నీ మాట కాదంటే మర్నాడు పనిలోకి పిలుస్తావా, అన్నాడు. కోపంగా కాదమ్మా, మామూలుగానే. మరి అక్కడ అబద్ధమెందుకు చెప్పావురా అన్నాను. వాడేమన్నాడో ఉన్నదున్నట్టు చెప్తాను, విను.

"హైదరాబాద్లో నాలుగుసార్లు నిజమే చెప్పాను మావయ్యా. ఒక్కడూ నవ్వలేదు. హాలంతా చల్లబడిపోయింది. అందుకే నిన్ను ఎక్కించాను."

అంతే. బస్సొచ్చింది, ఎక్కాం, వాడు నా భుజం మీద తలపెట్టి నూజివీడు దాకా నిద్రపోయాడు. నవ్వు కోసం ఎక్కించాడో, నన్ను కాయడానికి ఎక్కించాడో అడుగుదామనుకుంటూనే ఉన్నాను. తర్వాత కరోనా వచ్చింది. వారం రోజుల్లో అయిపోయింది. ఆసుపత్రి వాళ్లు దగ్గరికి పోనియ్యలేదు, నీకు తెలుసుగా. అప్పట్నించి ఎవరు ఆ వీడియో చూసినా నాకు మర్యాద చేస్తారు. పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చోబెడతారు. నాకది మింగుడు పడదు తల్లీ, వద్దని చెప్పే ధైర్యమూ లేకపోయింది.

రేపు నువ్వు మాత్రం నన్ను ఎక్కించకు, ఎక్కలేదనే చెప్పు. వాళ్లు నవ్వకపోతే నవ్వకపోనీ. ఏమ్మా. సింధూరా. సరే, ఆలోచించుకో. గేటు దగ్గరెవరో హారన్ కొడుతున్నారు, పోయి తియ్యి.