ఫ్యూజు పెట్టమన్నదెవరు

ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చోమ్మా. మీ తాత చివరికి కతోలిక్‌గా పోయాడా, మీ అమ్మమ్మ వెళ్ళే ప్రొటెస్టంటు రిఫార్మ్డ్ సంఘం మనిషిగా పోయాడా అనేగా నువ్వడిగేది. అది నన్నడక్కు, ఆ మాటెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ చెయ్యి చూడు, నాలుగు వేళ్ళు లేవు కదా. మీ తాత నాకు అక్క మొగుడే కాదు, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నా జోడీ కూడా. అక్కడ మాకో కట్టుబాటుండేది. ఇరుక్కున్న అట్ట తియ్యడానికి ఒకడు మిషను రోలర్లలో చెయ్యి పెడితే రెండోవాడు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి. లోపల చెయ్యి పెట్టినవాడు బయటికొచ్చి "పెట్టు" అనాలి, అంతవరకూ దేవుడు దిగొచ్చి చెప్పినా పెట్టకూడదు. ఆ రోజు నా చెయ్యి లోపలుండగానే మేనేజరు "ఎంతసేపయ్యా" అని కేకేసేసరికి బావ కంగారుపడి పెట్టేశాడు. సరే, పొరపాటు, మనిషన్నాక జరుగుతుంది. తర్వాత మేనేజరు ముందు నిలబడి "వాడే పెట్టమన్నాడండీ" అన్నాడు చూడు, అది పొరపాటు కాదు. వేళ్ళు పోయాయి, పని పోయింది, పైగా ఒళ్ళు దగ్గర పెట్టుకోని మనిషినని పేరు. పంతొమ్మిదేళ్ళు నేను వాళ్ళ గడప తొక్కలేదు.

బావ మంచాన పడ్డాక అక్క కబురంపింది, "నిన్నే కలవరిస్తున్నాడు, రారా" అని. వెళ్తే ఏముంది, మంచానికి అటు ఫాదరు, ఇటు పాస్టరు. బావ పుట్టింది అటు, పెళ్ళయింది ఇటు, ఇద్దరికీ హక్కే మరి. నేను ముందుగదిలో బల్ల మీద కూర్చున్నా, అన్నీ వినపడుతున్నాయి. ఫాదరుగారు మెత్తగా, "ముందు పాపసంకీర్తనం చెయ్యి నాయనా, చేసిన తప్పు నాకు చెప్పుకో, పాపవిమోచనం నేను పలుకుతా. ఆ తర్వాత అతన్ని పిలిచి నిజం ఒప్పుకో, అదే నీ ప్రాయశ్చిత్తం" అంటాడు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "ప్రాయశ్చిత్తం సిలువ మీదే పూర్తయిందండీ. మారుమనస్సు కూడా కృపే, మనం తెచ్చిపెట్టేది కాదు. ముందు ఆ నమ్మకం కుదరనివ్వండి. లేకపోతే బావమరిది కాళ్ళు పట్టుకున్నందుకే రక్షణ దొరికిందనుకుంటాడు" అంటాడు. "మరి దెబ్బతిన్నవాడికి సరిచెయ్యొద్దా?" "చెయ్యాలి, అది మారుమనస్సుకి ఫలం. రక్షణకి వెల కాదు." "వెల అని నేనన్నానా?" గమనించావా, నన్ను పిలవాలనే ఇద్దరూ అనేది. ముందా, తర్వాతా అన్నదే తగువు. ఇల్లు కాలుతుంటే నీళ్ళు కుడిచేత్తో పొయ్యాలా ఎడంచేత్తో పొయ్యాలా అన్నట్టు. వాళ్ళ పుస్తకాల్లో అది పెద్ద సంగతే అయ్యుండొచ్చు, కాదనను. కానీ ఎదురుగా పడుకున్నవాడికి ఎంత ఊపిరుందో చూసుకోవద్దూ?

అక్క వచ్చి, "వాళ్ళ గొడవ తెమిలేది కాదు, నువ్వు లోపలికి పో" అంది. "పిలవనీ" అన్నా. "పిలిచే ఓపికుందా ఆయనకి?" అంది. అయినా కదల్లేదు. పంతొమ్మిదేళ్ళు కాచుకున్నవాణ్ణి, పిలిపించుకోకుండా ఎలా పోతాను? అంతలో లోపల్నుంచి "ఒరేయ్" అని వినపడింది, సన్నగా. ఆ ఇంట్లో బావ ఒరేయ్ అనేది నన్నొక్కణ్ణే. ఇంకోసారి పిలిస్తే లేద్దామనుకున్నా. తర్వాత ఆ ఇద్దరి గొంతులే వినపడ్డాయి, వాదన కాదు, ప్రార్థన.

వాళ్ళనే తిట్టుకుంటున్నా, ఇన్నేళ్ళుగా. వాళ్ళనే.

అలా చూస్తావేంటమ్మా? మీ అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది, డాక్టరుకి చూపించారా?