ఒడ్డున ఉండే మనిషి

పరాయి దేశంలో, సముద్రం పక్కన డైవింగ్ ఆఫీసు. పడవ కదలడానికి ఇంకా అరగంట ఉంది. బల్లకి ఇటువైపు పెద్దాసుపత్రి హెడ్ నర్సు, అటువైపు గడియారాలు బాగుచేసే ఆయన. ఇద్దరికీ యాభై దాటాయి. పెళ్ళయి పదకొండు రోజులైంది.

"ఎందుకు వెనక్కిచ్చింది మన ఫారాలు ఆ కౌంటరు అమ్మాయి? నా చేతిరాత అర్థం కాలేదా?"

"రాత బానే ఉంది. ఆపదొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నచోట మీరేం రాశారు?"

"నీ నంబరు."

"నేను మీ నంబరు రాశాను."

"ఇంకేం మరి. చక్కగా కుదిరింది."

"ఏం కుదరడం? ఇద్దరం నీళ్ళలో ఉంటామండీ. పగడాల దిబ్బ దగ్గర, పన్నెండు మీటర్ల లోతులో. ఫోన్ మోగితే ఎవరెత్తుతారు, చేపలా? ఒడ్డున ఉండే మనిషి పేరు రాయాలట. లేకపోతే పడవ ఎక్కనివ్వరట."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా. రెండు రోజులు స్విమ్మింగ్ పూల్లో ముంచి తీశారు, ఈ రబ్బరు చొక్కాలో దూర్చారు, ఇప్పుడా చెప్పడం?"

"దూర్చింది నేను. మీరు చేతులు పెట్టాల్సిన చోట కాళ్ళు పెట్టారు."

"పైనా కిందా ఒకేలా ఉంటే ఏం తెలుస్తుంది సిస్టర్ గారూ."

"నన్ను సిస్టర్ అనొద్దన్నానా? వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఇక్కడ మన మాట తెలిసినవాళ్ళెవరున్నారు? మీ ఆసుపత్రి గడియారాలు బాగుచెయ్యడానికొచ్చిన రోజు నుంచీ అదే పిలుపు. ఆరేళ్ళ అలవాటు పదకొండు రోజుల్లో పోతుందా? సరే, ఇదిగో, రాశాను. చూడు."

"ఇది మీ షాపు నంబరు."

"అవును. షాపు ఒడ్డునే ఉంది కదా."

"తాళం వేసి వచ్చారు కదా. ఫోన్ మోగితే గోడమీది గడియారాలు దిగొచ్చి ఎత్తుతాయా?"

"ఎత్తకపోతే పోనీ. నాకేమవుతుంది? ముప్పై ఏళ్ళుగా నీళ్ళలో పెట్టుకునే వాచీలు బాగుచేస్తున్నాను. ఒక్కదాన్లో చుక్క నీరు దిగిందా?"

"వాటికి రబ్బరు వాషర్ వేస్తారు. మీకేం వేశారు?"

"నువ్వున్నావుగా."

"కబుర్లకేం తక్కువలేదు. ఎవరైనా మనిషి పేరు రాయండి."

"ఎవరున్నారని? అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. తోడబుట్టినవాళ్ళు లేరు. మేడమీద అద్దెకుండే ఆయన ఉన్నాడు గానీ, నా ఇంటిపేరు ఇప్పటికీ తప్పే పలుకుతాడు. నా సంగతి వదిలెయ్. నీకు మనుషులున్నారు. నీ ఫారం నింపు ముందు."

"నింపుతాను."

"నింపుతానంటూ పెన్నుకి మూత పెట్టేశావు."

"ఆలోచిస్తున్నాను."

"మీ అబ్బాయి నంబరు రాయడానికి ఆలోచనెందుకు?"

"వాడు నేను ట్రైనింగ్‌లో ఉన్నాననుకుంటున్నాడు."

"ట్రైనింగే కదా. నోటితో ఊపిరి పీల్చే ట్రైనింగ్."

"ఆసుపత్రి ట్రైనింగ్ అని చెప్పాను. మీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పెళ్ళి సంగతి అసలే చెప్పలేదు. తెలిసి కూడా అడుగుతారేం?"

"తెలుసులే. వాడు ఫోన్ చెయ్యగానే బాత్రూంలో దూరి కుళాయి తిప్పుతావు, అలల చప్పుడు వినపడకుండా. నిన్న ఇరవై నిమిషాలు తిప్పావు. పాపం హోటలువాళ్ళు, ట్యాంకు నింపలేక చస్తున్నారు."

"నవ్వకండి."

"నవ్వట్లేదు."

"నవ్వుతున్నారు. మీసం కదులుతోంది. ఆ మీసం వల్లే మాస్కులోకి నీళ్ళొస్తున్నాయని నేర్పే ఆయన మూడుసార్లు చెప్పాడు. తియ్యరు."

"తీస్తే నువ్వు గుర్తుపట్టవు. కొత్త కాపురం, ఎందుకొచ్చిన గొడవ. పోనీ, ఒక పని చెయ్. అంకెలు అటూ ఇటూ మార్చి ఏదో ఒకటి రాసెయ్. ఎవరడగొచ్చారు?"

"ఆ పని మాత్రం చెయ్యను."

"ఎందుకని?"

"ఇన్నేళ్ళూ ఆ నంబర్లకి ఫోన్లు చేసింది నేనేనండీ. లోపల మనిషికి ఊపిరాడదు, బయట నేను నొక్కుతూనే ఉంటాను. తప్పు నంబరు. స్విచ్ఛాఫ్. ఆయనెవరో మాకు తెలీదండీ అంటారు ఒక్కోసారి. సంతకానికి ఎవరూ లేని మంచం పక్కన నిలబడ్డం ఎలా ఉంటుందో మీకు తెలీదు."

"సరే, సరే. మార్చొద్దు."

"వాళ్ళ నాన్న పోయినప్పుడు వాడికి పదమూడేళ్ళు. ఇన్నాళ్ళూ నేనూ వాడూ, అంతే. ఇప్పుడు ఈ వయసులో అమ్మకిదేంటి అనుకుంటే?"

"అనుకుంటే?"

"తట్టుకోలేను."

"అయితే మానేద్దాం. పడవ పోతే పోనీ. గట్టుమీద కూర్చుందాం, ఏ చేపైనా ఎగిరితే చూద్దాం."

"మా వెయిటింగ్ హాలు టీవీలో పద్నాలుగేళ్ళు చూశానండీ ఆ పగడాల్ని. సౌండు లేకుండా, నిలబడి, అటూ ఇటూ పోతూ. ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలనుందని మీతో అంటే ఏమన్నారు?"

"పద అన్నాను."

"ఈత రాకుండానే అన్నారు."

"వచ్చా అని నువ్వడగలేదు. ఇలా చూడు. నాకోసమని వాడికి చెప్పొద్దు. ఇంటికెళ్ళాక మళ్ళీ షాపులో కూర్చుని, సిస్టర్ గారూ బావున్నారా అని అడగమన్నా అడుగుతాను. అడుగుతాను గానీ, బాధపడతాను. అబద్ధమెందుకు చెప్పాలి. ఏంటలా చూస్తావు? మాస్కు పెట్టుకోలేదుగా, కళ్ళలో నీళ్ళేంటి?"

"నా ఫోన్ తియ్యండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ధైర్యం జారిపోకముందే. వాడి నంబరు మీరే నొక్కండి."

"ఫోనే నొక్కలేనిదానివి, నీళ్ళలో నన్నేం పట్టుకుంటావు? మోగుతోంది. స్పీకర్ పెట్టాను, మాట్లాడు."

"అమ్మా, చెప్పమ్మా. ఏంటి, ఇవాళ కుళాయి చప్పుడు లేదే?"

"కన్నా, నేను ట్రైనింగ్‌లో లేనురా. వేరే దేశంలో ఉన్నాను, సముద్రం దగ్గర. ఇంకాసేపట్లో నీళ్ళలోకి దిగుతున్నాను. ఒక్కదాన్నే కాదు. నాతో ఒకాయన..."

"గడియారాలాయనేనా?"

"నీకెలా తెలుసు?"

"మన హాల్లో గోడ గడియారం ఈ ఏడాదిలో ఏడుసార్లు రిపేరుకెళ్ళిందమ్మా. దానికి బ్యాటరీ మారిస్తే చాలు."

"మేం పెళ్ళి చేసుకున్నాంరా. పదకొండు రోజులైంది. నీకు చెప్పకుండా."

"కోపంగానే ఉందమ్మా. చేసుకున్నందుకు కాదు, చెప్పనందుకు. సాక్షి సంతకం నేను పెట్టేవాణ్ణి కదా. ఇంటికొచ్చాక పోట్లాడతాను. ఇప్పుడెందుకు చెప్తున్నావు మరి?"

"ఇక్కడ ఫారంలో మనిషి పేరు రాయాలట. మాకేమైనా అయితే ఫోన్ చెయ్యడానికి. నీది రాయనా?"

"నాది కాక ఇంకెవరిది రాస్తావు? ఆయన పక్కనే ఉన్నారా?"

"ఉన్నాను బాబూ, వింటున్నాను."

"మీ ఫారంలో ఎవరి నంబరుందండీ?"

"మా షాపుది."

"షాపులో ఎవరున్నారండీ, మొన్న మీతో మాట్లాడదామని వస్తే తాళం వేసుంది. అది కొట్టేసి నా నంబరు రాయండి. ఏమవుతాడని అడిగితే, కొడుకని రాయండి."