లేని కష్టం

అదే చెప్తున్నానండి అమ్మగారూ, వచ్చే శుక్రవారం ప్రార్థనలో నన్ను సాక్ష్యానికి లేవమనకండి. మా సారు నాటకం కోసం సంఘమంతా ప్రార్థన చేసింది, జవాబొచ్చిందో లేదో చెప్పమంటారు మీరు. ఏం చెప్పను? నాటకం పోయింది. ఇంకా పోలేదులెండి. ఈ సాయంత్రం టీవీవాళ్ళకి ఫోన్ చేసి ఆయనే పోగొట్టుకుంటాడు.

ఆ బిర్యానీ గిన్నె ఇటివ్వండి, నేను తోముతాను. పాస్టరుగారి భార్య చేత తోమించానని రేపు నా మీద మాటొస్తుంది.

మీరు మా సారుని చూడలేదు గదా. జుఫైర్‌లో మా బిల్డింగు మొత్తానికి పగలు ఇంట్లో ఉండే మగాడు ఆయనొక్కడే. మేడం బ్యాంకులో పెద్దాఫీసరు. సారు పెళ్ళాం వీసా మీదొచ్చాడు. ఇంగ్లండాయన అంటే ఊరుకోడు, స్కాట్లండు అనాలి.

వాళ్ళ నాన్న ఓడలు కట్టేచోట కూలీ అంటండి. ఈయనా చదువు మానేసి అక్కడే వెల్డింగు పనికి చేరాడు. పనిలో జనం ఎలా మాట్లాడుకుంటారో అలాగే నాటకం రాసి పంపితే టీవీలో వేశారు. వీధి వీధంతా ఒకే ఇంట్లో కూర్చుని చూశారంట. వాళ్ళ నాన్న మాత్రం, నేనంత బూతులు మాట్లాడతానా అని బూతులు తిట్టాడంట.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన పట్టిందల్లా బంగారం. బహుమతులు కూడా ఉన్నాయి, వాటికి దుమ్ము తుడిచేది నేనే. ఇంతలో టీవీలోకి కొత్త కుర్రాళ్ళొచ్చి, కూలోళ్ళ గోల ఇప్పుడెవరు చూస్తారన్నారు. ఖలాస్. కువైట్ యుద్ధం సద్దుమణిగాక మేడంతో పాటు ఈ గల్ఫ్‌కొచ్చి పడ్డాడు.

మరి ఊరికే కూర్చోడం చేతకాదు గదా. వంటింట్లోకొచ్చి, నీ కథ చెప్పు జీవమ్మా అన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషు ఉల్లిపాయలు, ఇస్త్రీ వరకే. అయినా చెవులప్పగించి విన్నాడండి. నా మొగుడు బతికుండగా నా మాట అంతసేపు ఎప్పుడూ వినలేదు.

అలా నా మీద నాటకం రాశాడు. టీవీవాళ్ళు ఇన్నేళ్ళకి మళ్ళీ సరేనన్నారు. ఒక్కటే మెలిక. ఆ ఇంట్లో పనిమనిషికి కష్టాలుండాలి, చివర్లో తిరగబడాలి. ఈయన ఒప్పుకోడు. జీవమ్మ ఏ కష్టమూ లేదంది, లేని కష్టం నేను రాయను, జనం చెప్పింది చెప్పినట్టు రాసి ఇంతవాణ్ణయ్యాను అంటాడు.

నిన్న మళ్ళీ అడిగాడు. ఇది పోతే తనకిక ఇంకోటి రాదని కూడా చెప్పాడు. నిజం చెప్పు, ఈ ఇంట్లో నీకేమన్నా కష్టముందా అని. మేడం ఇంట్లో లేదు కూడా.

ఏం లేదు సార్, దేవుని దయ అన్నాను.

అలా చూడకండి. ఉంది. నా పాస్‌పోర్టు మేడం బీరువాలో ఉంది. పోయినేడు మా అమ్మ పోయిందని కబురొచ్చి ఊరెళ్తానంటే, అతిథులొస్తున్నారు, వచ్చే నెల చూద్దామంది మేడం. సారు అప్పుడు స్కాట్లండు వెళ్ళున్నాడు. ఆ రోజు నేను ఇంటినిండా జనానికి వండిపెట్టాను. ఉప్పు ఎక్కువైందని కూడా అన్నారు.

ఇది చెప్తే ఆయన రాస్తాడు. ఆయన పేరు మళ్ళీ లేస్తుంది. మేడం నన్ను విమానం ఎక్కించేస్తుంది. మొగుడూ పెళ్ళాలదేముందండీ, తిట్టుకుని సాయంత్రానికి ఒకటైపోతారు. మధ్యలో దూరినదానికి మళ్ళీ వీసా ఎవరిస్తారు? మా అమ్మాయి బ్లెస్సీ నర్సింగు ఇంకా సగంలోనే ఉంది.

ఇంకా టైముందిలెండి, ఇప్పుడెళ్ళి చెప్పొచ్చు. నా స్థానంలో మీరుంటే చెప్తారా అమ్మగారూ?

ఊఁ. చెప్పరు గదా. నేనూ అంతే.

జాలేస్తుందండి ఆయన్ని చూస్తే. తెలియనోడేం కాదు. వాళ్ళమ్మ పెద్దోళ్ళ ఇళ్ళల్లో మెట్లు కడిగి పెంచిందంట ఆయన్ని. ఆ ఇంటివాళ్ళు ఎవరైనా, నీకేమన్నా కష్టమా అని అడిగుంటే, ఆవిడ మాత్రం ఏమనుంటుంది?