సిద్దిపేటకు రైలు వచ్చేదాకా

కాలేజీ ఎగ్జిబిషన్‌లో ఒక బల్ల మీద అట్టముక్కలతో కట్టిన సిద్దిపేట ఉంది. ఊరు పెరిగిన వరుసలో ఒక్కో వాడలో దీపాలు వెలుగుతున్నాయి. బొమ్మ రైలు మాత్రం పట్టాల మీద కదలకుండా ఉంది. బల్ల వెనక దాన్ని తయారు చేసిన అమ్మాయి, ఆమె తండ్రి నిలబడ్డారు.

"బిడ్డా, రైలు నడుపు. అందరు పక్క బల్లకాడికి పోతున్నరు."

"ఇంకా పాత బురుజు కాలంలనే ఉన్నం బాపూ. రైలు ఆఖర్ల వస్తది."

"అప్పటిదాంక ఎవరుంటరే? జడ్జీలు సుత వస్తున్నరు."

"నువ్వు మగ్గం ఇడిచిపెట్టి బొంబాయి దిక్కు భీవండి మిల్లు పనికి పోయిననాడు ఈడ ఏ రైలెక్కినవ్?"

"సిద్దిపేటల రైలేడిది? హైదరాబాద్ దాంక బస్సుల నిలబడే పోయిన."

"మరి ఆ కాలంల రైలెట్ల నడపాలె? నీ ముంగటనే అబద్ధం చూపియ్యాల్నా?"

"వద్దు. కని ప్రైజ్ పోతది."

"పోనీ."

"పోనీ అంటవా! ఓ సార్లూ, జర ఆగుండ్రి! రైలు కోసం మేం సగం జన్మ ఆగినం, మీరు రెండు నిమిషాలు ఆగలేరా?"

"బాపూ, మెల్లగ! అందరు మర్లి చూస్తున్నరు, జడ్జీలు గూడ. ఇప్పుడే నడిపేద్దునా?"

"ఆగవే, గంత తొందరేంది? నేతగాళ్ల వాడల ఇప్పుడే దీపం వెలిగింది. నేనింకా భీవండి నుంచి వాపస్ రాలే."