డాక్టరమ్మగారి కారుకి గ్యాసు షాకులు

"తాతయ్యా, డాక్టరమ్మగారి పాత కారు నువ్వే బాగుచేసేవాడివంట కదా?"

ఆయ్, నేనేనమ్మా. అప్పట్లో రాజోల్లో నాదొక్కటే షెడ్డు. ఒక్కటే అంటే... ఇంకోటుండేదిలే, అది లారీలకి. ఆవిడది నల్ల కారు, వాళ్ళ నాన్నగారి హయాంలోది. గోదావరి లంకల్లో ఎవరికన్నా కాన్పు కష్టమైతే దాన్లోనే ఎక్కించుకుని అమలాపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేవారు. ఏటిగట్టు మీద దారెలా ఉండేదనుకున్నావ్! గొయ్యికో కేక పెట్టేవారు ఆడవాళ్ళు, పాపం. మీ అమ్మమ్మ చెల్లెలు సుగుణ కూడా తొలికాన్పుకి అందులోనే వెళ్ళింది. "నొప్పులకన్నా ఆ కుదుపులే ఎక్కువ బాధపెట్టాయండి బావగారూ" అంది తర్వాత.

నాకు సిగ్గేసింది. కుదుపులు ఆపే షాకులు, అదే షాక్ అబ్జార్బర్లు, కొత్తవి వేస్తూనే ఉండేవాణ్ణి. ఆ గతుకులకి లోపల నూనె నురగెత్తిపోయి, సగం దారిలోనే పట్టు వదిలేసేవి మరి.

ఎనభైల్లో అనుకుంటా, ఆవిడ తమ్ముడుగారు మస్కట్ నించి నాలుగు షాకులు తెచ్చేరు. గ్యాసు నింపినవంట. గ్యాసు నూనెని అదిమి పట్టుకుంటుంది, నురగ రాదు.

"వెయ్యగలవా ఏసుదాసూ?" అన్నారావిడ.

"ఆయ్, వేస్తానండి" అనేసేను. తీరా చూస్తే, మామూలు షాకు నొక్కితే నొక్కినట్టుంటుందా, ఇది చెయ్యి తియ్యగానే రాడ్డు బయటికొచ్చేస్తుంది. పైన బిగిస్తే కింద బోల్టు అందదు. పొద్దున్నించీ అదే కుస్తీ. ఓసారి జారి బొటనవేలి గోరు ఊడింది. ఇదిగో, ఇప్పటికీ వంకరే. ఆవిడే కట్టు కట్టి, "పోనీ వదిలెయ్" అన్నారు. నేను వదల్లేదు. షాకుని నిలబెట్టి, ఒంటి బరువంతా వేసి అణిచి, కొబ్బరితాడుతో బిగించి కట్టేసేను. పైనా కిందా బోల్టులు పట్టించేక తాడు కోసేను. చక్కగా కూర్చుంది. ఈ మాత్రం తట్టడానికి ఓ పూట పట్టింది, నవ్వకు.

వారం తిరక్కుండా లంకలో ఓ అమ్మాయికి కష్టమైంది, రెండ్రోజులుగా నొప్పులు. డ్రైవరు రాలేదని నేనే నడిపేను. గట్టు మీద సగం దూరం వచ్చేక వెనక అలికిడి లేదు. కేకల్లేవు, మూలుగుల్లేవు.

"ఆపు, ఆపు" అన్నారు డాక్టరమ్మగారు.

ఆపేను. ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నారు. నేను స్టీరింగు పట్టుకుని, ప్రభువా, ప్రభువా అనుకుంటున్నాను.

అప్పుడు గొంతు తగ్గించి, "నిద్రపోతోందయ్యా" అన్నారావిడ. "పోనియ్, మెల్లగా."

ఆడపిల్ల పుట్టిందమ్మా. తల్లీ బిడ్డా క్షేమం. నువ్వూ అలాగే చల్లగా ఉండాలి తల్లీ... ఏదీ, ఆ మంచినీళ్ళిలా ఇయ్యి.