రేడియోలో తెలుగు

(డాలస్ శివార్లలో, రెండేసి కార్లు పక్కపక్కన పోటీపడే రేసు ట్రాక్, మధ్యాహ్నం. హెల్మెట్ పెట్టుకున్న తేజేశ్వర్ రేసు కారులో, వరుసలో ఉన్నాడు. కూతురు ప్రణవి స్టార్టింగ్ లైన్ వెనక నిలబడింది. ఇద్దరి మధ్యా రేడియో.)

“డాడీ, ఇది మన లైన్ కాదు. దిస్ ఈజ్ ద అవుట్‌లా లైన్!”

“తెలుగులో, ప్రణీ. ఎన్నిసార్లు చెప్పాలి? ఈ ఛానెల్ పక్క టీములు వింటాయి, రేసు మొదలుపెట్టే స్టార్టర్ కూడా వింటాడు.”

“సరే, తెలుగులోనే అడుగుతా. రూల్స్ లేని ఈ అవుట్‌లా లైన్‌లో ఎందుకున్నావ్?”

“మన ప్రో క్లాసుకి ఇవాళ ఎన్ని కార్లొచ్చాయో చూశావా? ఐదు. ఒకప్పుడు క్వాలిఫై కాలేక సగం మంది ఇంటికి పోయేవాళ్ళు. ఇప్పుడు వచ్చినవాడల్లా క్వాలిఫై. స్టాండ్స్‌లో డ్రైవర్ల భార్యలు తప్ప మనిషి లేడు.”

“మన అమ్మైతే అసలు రానే లేదు.”

“అదే చెప్తున్నా. జనమంతా ఇక్కడే, ఫోన్లు పట్టుకుని ఫెన్సుకి వేలాడుతున్నారు. ఈ క్లాసులో బోర్డు మీద టైము వెయ్యరు, టైర్లకి పట్టు దొరికేలా ట్రాక్‌కి జిగురు కొట్టరు. కారు ఎటు జారుతుందో నడిపేవాడికే తెలీదు. వీళ్ళకి కావాల్సింది అదే. కాలం మారింది తల్లీ.”

“పోయిన నెల నువ్వే అన్నావ్, ఇది రేసు కాదు, సర్కస్ అని.”

“అన్నానా?”

“బిర్యానీ తింటూ అన్నావ్. రూల్స్ లేని చోట నా కారు దించను అన్నావ్.”

“అప్పుడన్నాలే. ఉండు, లైన్ కదిలింది.”

“ఇక్కడ ఏం చెక్ చేస్తారు డాడీ?”

“టైరు సైజు.”

“లైసెన్స్?”

“బెల్టు బిగించుకుంటున్నా, ఒక్క నిమిషం.”

“డాడీ, లైసెన్స్ అడుగుతారా, అడగరా?”

“అడగరు.”

“ప్రో క్లాసులో అడుగుతారు. నీది రెన్యూ అయిందా?”

“దానికి డాక్టర్ సంతకం కావాలి, అపాయింట్‌మెంట్ కుదర్లేదే.”

“కుదిరింది. నేనే డ్రైవ్ చేశా నిన్ను. కళ్ళల్లో డ్రాప్స్ వేశారని దారంతా నల్లద్దాలు పెట్టుకున్నావ్. ఏమన్నాడు డాక్టర్?”

“షుగర్ అన్నాడు. మనవాళ్ళందరికీ ఉండేదే.”

“పొద్దున కారుని ట్రెయిలర్ ఎక్కిస్తుంటే ఎడం చక్రం ర్యాంప్ మీంచి జారింది. ర్యాంప్ వంకరన్నావ్. నిన్న కాఫీ కప్పు పక్కన పోశావ్. కప్పు ఎవరు జరిపారని అమ్మ మీద అరిచావ్.”

“అరవలేదు. అడిగా.”

“ఇప్పుడు కుడి కన్ను మూసుకో. ఏం కనిపిస్తోంది?”

“ప్రణీ, రేసు ముందు ఇవన్నీ…”

“మూసుకో డాడీ!”

“పొగమంచు. అంతే.”

“ఎప్పట్నించి?”

“మార్చి నించి. అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది.”

“దిగు డాడీ. ప్లీజ్. దిగిపో.”

“వినవే. ఆఫీసులో నేనున్నానో లేనో ఎవడికీ పట్టదు. ఇక్కడ నా పేరు మైకులో చదువుతారు. తేజ్ ఈష్వా అని ఖూనీ చేస్తారు, అయినా జనం అరుస్తారు. ఏడాది పోతే మన క్లాసే ఉండదు. నా రెండో కన్ను ఉంటుందో లేదో. ఒక్కసారి, ఇంతమంది ముందు ఒక్కసారి పోనీ.”

“స్టార్టర్ ఎడం పక్కనుంటాడు. బయల్దేరమని టార్చి వెలిగిస్తే నీకెలా తెలుస్తుంది?”

“నువ్వున్నావుగా. వెలగగానే ‘పో’ అను, బ్రేకు వదిలేస్తా. మన మాట ఎవడికీ అర్థం కాదు. ఆ ధైర్యంతోనే వచ్చా.”

“ఎడం లేన్‌లో ఎవరున్నారో తెలుసా?”

“నల్ల కారు కదా.”

“తెల్ల కారు డాడీ. ఇందాక పాపని చంకనేసుకుని మన కూలర్‌లో ఐస్ అడిగాడే, అతను. అతను నీ మీదకి జారినా నీకు కనపడదు, నువ్వు అతని మీదకి జారినా కనపడదు.”

“నేను జారను.”

“జిగురు లేదని నువ్వే కదా అన్నావ్!”

“ఇంజిన్ ఆన్ చేస్తున్నా. ఇక గట్టిగా చెప్పు, మోతలో వినపడదు.”

“నాకు భయంగా ఉంది. నేను చెప్పను.”

“చెప్తావ్. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఇదిగో, లైన్ మీదకొచ్చేశా. వెలిగిందా?”

“దిగు డాడీ!”

“మోతలో వినపడట్లేదు ప్రణీ. టార్చి వెలిగిందా?”

“స్టాప్ ద రేస్! రైట్ లేన్ డ్రైవర్ ఈజ్ మై డాడ్! హీ కాంట్ సీ! ప్లీజ్, స్టాప్ ద రేస్!”

“ప్రణీ! తెలుగులో, తెలుగులో! అందరూ వింటున్నారే!”

“వినాలనే, డాడీ.”