గుమ్మం మీద పేరు

తాళాలాయన టీ తాగడానికి కిందికి దిగాడంటే ఆ పూట టీ కొట్టులో పాలు ఎక్కువ పట్టేవి. ఆయన మాట మొదలుపెట్టాక ఒక్క గ్లాసుతో లేచి వెళ్లేవాళ్లు తక్కువ మరి. ఆఫీసు మెట్ల పక్కనే కొట్టు. ఒక స్టవ్వు, రెండు బల్లలు, ఎండ పడకుండా ఒక రేకు. ఆ రేకు కింద ఆయన కోసిన కోతలు పోగేస్తే భవనానికి ఇంకో అంతస్తు లేచేదని డ్రైవరు బాబాయ్ అంటుండేవాడు.

పాత ఫొటోలు, పాత కాగితాలు స్కాన్ చేసి దాచిపెట్టే కంపెనీ అది. డ్రైవరు బాబాయ్ పెట్టెలు తెస్తాడు. రెండో అంతస్తులో వాటిని స్కాన్ చేస్తారు. స్కాన్ చేసినవన్నీ ఎక్కడో దూరాన క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న పెద్ద గోదాములో పడతాయి. ఆ గోదాములోకి ఎవరు ఏ దారిన వెళ్లి ఏది చూడొచ్చో మూడో అంతస్తులో ఉండే తాళాలాయన చూసుకుంటాడు. ఒక్కొక్కరికి ఒక్కో దారి, దానికొక పేరు, దానికొక తాళం. దాన్ని యాక్సెస్ పాయింట్ అంటారు. ఆయన మాత్రం దర్జాగా గుమ్మం అంటాడు.

ఆ రోజు బల్ల చివర స్కానింగ్ ఆవిడ కూర్చుని ఉంది. రెండో అంతస్తులో అందరికంటే పాత మనిషి. అంటుకుపోయిన ఫొటోని చిరక్కుండా విడదీయడం ఆవిడ చేతిలోనే ఉంది. రెండో అంతస్తు ఎత్తేస్తారని నెల నుంచీ గుసగుసలు. మేనేజరుని అడిగితే "అలాంటిదేం లేదమ్మా, మీరు పని చూసుకోండి" అంటున్నాడు. అవతల ఆవిడ అక్క మొగుడికి ప్రింటింగ్ ప్రెస్సుంది. డిజైన్ బల్ల దగ్గర చోటుంది, వస్తావా రావా సాయంత్రంలోగా చెప్పు, లేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాను అన్నాడు. ఆవిడకి ఈ పని వదలాలని లేదు. ఎవరింటివో తెలియని పెళ్లిఫొటోలు, బడిపిల్లల ఫొటోలు, వాటి మీద దుమ్ము ఊదుతూ బతకడం ఆవిడకి ఇష్టం. ఉంటుందో పోతుందో ఎవరైనా ఒక్క నిజం చెబితే చాలు.

ఆ నిజం కోసం తాళాలాయన దగ్గరికి రావడమే తమాషా. కానీ ఆవిడకి ఒక లెక్కుంది. ఈయన తన ప్రతాపం గురించే కోస్తాడు. మిగతా సంగతుల గురించి అబద్ధం చెప్పాలన్న ధ్యాసే ఉండదు. అందుకని ఆవిడ బియ్యంలో రాళ్లేరినట్టు వింటోంది, కాకపోతే ఇక్కడ రాళ్లే ఎక్కువ.

"పోయిన నెల ఒక గుమ్మం పెట్టాను బాబాయ్," అన్నాడు తాళాలాయన గ్లాసు ఊదుకుంటూ. "ఈ టీ చల్లారేలోపు పెట్టేశాను. పెద్ద విశేషం కాదనుకో."

"అయితే చెప్పకు," అన్నాడు డ్రైవరు బాబాయ్.

"చెప్పకపోతే ఎలా? గుమ్మానికి పేరు పెట్టడమంటే పిల్లాడికి పేరు పెట్టడం కాదు. మూడక్షరాలకి తగ్గకూడదు, యాభైకి మించకూడదు. ఇంగ్లీషు చిన్నక్షరాలే ఉండాలి. చుక్క పెట్టకూడదు, ఖాళీ వదలకూడదు. కావాలంటే అంకెలు, అడ్డగీతలు వాడుకో. ఒకసారి పెట్టాక మార్చడానికి లేదు, పీకేసి ఇంకోటి పెట్టుకోవాల్సిందే. ఇవన్నీ మామూలు మనుషులకి. ఒక పెద్దింటి వాళ్లు వచ్చారు, వాళ్ల ఫొటోలన్నీ మన దగ్గరే ఉన్నాయి. గుమ్మం మీద తాతయ్య పేరుండాలి అన్నారు. సరే అన్నాను. తాతయ్య పేరుండి నాయనమ్మది లేకపోతే ఎలా అన్నారు. నాయనమ్మని ఎక్కించాక పెదనాన్నలు ఊరుకుంటారా? బాబాయిలు, మేనత్తలు, వాళ్ల అల్లుళ్లు, ఒకరుండి ఒకరు లేకపోతే జుట్లు పట్టుకుంటారు గదా! అందర్నీ పెట్టేశాను."

"యాభై అక్షరాల్లోనా?" అన్నాడు టీ కొట్టాయన.

"యాభై ఎక్కడ, పెద్దత్త దగ్గరే అయిపోయాయి! పేరుతో కంప్యూటరు తెర నిండిపోయింది. పక్కన ఇంకో తెర పెట్టాం, అదీ నిండింది. కిటికీ తీశాను. పేరు కిటికీలోంచి పోయి ఎదురు భవనంలో దూరింది. అక్కడొక గుమాస్తా మిగతాది చదివి నాకు కేకేసి చెబుతున్నాడు, చిన్నల్లుడి దాకా వచ్చింది, ఇంకా ఉందా సార్ అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గుమాస్తాకి గొంతు పోయింది," అన్నాడు డ్రైవరు బాబాయ్.

"తాతయ్య అలిగాడు! అందర్లాగే నన్నూ చిన్నక్షరాల్లో రాస్తావా, నేను పెద్దవాణ్ణి కానా అన్నాడు. పెద్దక్షరం కుదరదండీ, రూలు ఒప్పుకోదు అని ఇంకెవరైనా అయితే చేతులెత్తేసేవాడు. నేను ఒక్క పెద్దక్షరం కొట్టాను. అంతే! వెనకున్న చిన్నక్షరాలన్నీ లేచి నిలబడ్డాయి బాబాయ్! నేను కూర్చోమనేదాకా ఒక్కటీ కూర్చోలేదు."

టీ కొట్టాయన నవ్వాపుకోలేక స్టవ్వు వైపు తిరిగాడు. స్కానింగ్ ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే మెట్ల మీదుగా రెండో అంతస్తు కిటికీ వైపు చూసింది. అక్కడ కిటికీ ఊచకి తగిలించి వచ్చిన తన స్వెట్టరు కనిపిస్తోంది.

"అక్కడితో అయిందా? వాళ్ల చుట్టాలందరికీ తలా ఒక గుమ్మం కావాలన్నారు. ఒక ఖాతాకి ఒక చోట పదివేల గుమ్మాలే ఇస్తారు. పదివేలూ పెట్టేశాక ఇంకో మేనమామ వచ్చాడు. నేను ఇంకోటి కొట్టాను. క్లౌడ్ కంపెనీ వాళ్లు సముద్రం అవతల నుంచి ఫోన్ చేశారు. అయ్యా, ఆ హద్దు మేం పెట్టింది మీరు రాకముందు, మీకెన్ని కావాలో మీరే చెప్పండి అన్నారు. ఉంచుకోండి, అవసరమైతే అడుగుతాను అన్నాను."

"ఆ మేనమామ ఏమయ్యాడు?"

"గుమ్మాలెక్కువై ఏది తనదో తెలీక ఇప్పటికీ తిరుగుతున్నాడు."

ఆ నవ్వులు సద్దుమణిగాక ఆవిడ నెమ్మదిగా అడిగింది. "అన్నయ్యా, రెండో అంతస్తు వాళ్లకి కొత్త గుమ్మాలేమైనా పెడుతున్నారా? వచ్చే ఏడాది పనికి?"

తాళాలాయన ఛాతీ విరుచుకున్నాడు. "నీకెందుకు చెల్లెమ్మా దిగులు? నేనుండగా రెండో అంతస్తు మీద చెయ్యి వేసే మొనగాడెవడు?"

ఇది రాయి అని ఆవిడకి తెలుసు. అయినా మనసు ఒక్క క్షణం దాన్ని బియ్యం గింజ అనుకుంది. ఫోను తీసి బావగారి నంబరు చూసి మళ్లీ సంచిలో వేసుకుంది. ఇంకో ఏడాది ఇక్కడే గడిచిపోతే ఎంత బాగుండు అనిపించింది.

ఆయనకి ఊపు తగ్గలేదు. "ఇవన్నీ ఒకెత్తు, నిన్న సాయంత్రం పెట్టింది ఒకెత్తు. మేనేజరు గారు స్వయంగా అడిగి పెట్టించారు. ఆ తాళం వేశాక గాలి దూరలేదు, వెలుతురు దూరలేదు. దేశంలో ఉన్న దొంగలంతా కలిసి వచ్చినా మెట్లమీద కూర్చుని ఏడవాల్సిందే. వేసిన నేను వెళ్లబోతే నన్నే ఎవరు నువ్వు అంది! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి బాబాయ్, నా తాళం ఎంత ఎదిగిపోయిందా అని."

"అంత గొప్ప గుమ్మానికి ఏం పేరు పెట్టావో?" అన్నాడు డ్రైవరు బాబాయ్, ఆటపట్టిస్తూ.

"పేరుదేముంది! పేరులో రహస్యాలు రాయకండి, అది బయటికి కనిపిస్తుంది అని కూడా ఒక రూలు రాశారు పిరికివాళ్లు. కనిపిస్తే కనిపించనీ! లోపలికి రాగలగాలి కదా! సెకండ్, అడ్డగీత, ఫ్లోర్, అడ్డగీత, క్లోజింగ్, అడ్డగీత, లెటర్స్. అన్నీ చిన్నక్షరాలే. చుక్క లేదు, ఖాళీ లేదు, యాభై లోపే. ముచ్చటగా లేదూ?"

టీ కొట్టాయన గరిటె తిప్పడం ఆపేశాడు. డ్రైవరు బాబాయ్ గ్లాసు కింద పెట్టి స్కానింగ్ ఆవిడ వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. పెట్టెలు తెమ్మనేవాళ్లు లేకపోతే ఆయన వ్యానుకి మాత్రం పనేముంది?

ఆవిడ ఆ మాటల్ని మనసులో తెలుగులో పేర్చుకుంది: రెండో అంతస్తు మూసివేత ఉత్తరాలు. ఇది కూడా కోతేనేమో అనుకోవాలని చూసింది. కుదరలేదు. ఇప్పటిదాకా ఆయన పెట్టిన గుమ్మాలన్నీ రూల్సు మీద కాలేసి తొక్కినవే. ఇదొక్కటే ఏ హద్దూ దాటలేదు. కోతలు కోసేవాడు ఇంత బుద్ధిగా ఉండే పేరు కల్పించడు.

"నీ తాళం చాలా గట్టిది అన్నయ్యా," అంది. "ఎవరూ దాన్ని తియ్యక్కర్లేదు. లోపల ఏముందో గుమ్మం మీదే రాసి పెట్టారు."

తను చెప్పిన పేరుని లోలోపల మళ్లీ ఒకసారి చదువుకుంటున్నట్టు తాళాలాయన పెదాలు కదిలాయి. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది నేను పెట్టిన పేరు కాదమ్మా," అన్నాడు చివరికి, ఆయనదేనా అనిపించేంత చిన్న గొంతుతో. "పేర్లన్నీ పైనుంచే రాసి పంపిస్తారు. చుక్కలు, ఖాళీలు లేకుండా చూసి టైపు చేస్తాను. నా పని అంతే. ఇది టైపు చేసేటప్పుడు దాని అర్థమేంటో కూడా ఆలోచించలేదు."

ఆవిడకి కోపం రావాలి. జాలే వచ్చింది, ఆయన మీదా, తన మీదా.

"ఇది మాత్రం నమ్ముతున్నాను అన్నయ్యా," అని లేచి, రేకు నీడలోంచి బయటికొచ్చి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"బావగారూ, నేనే. ఆ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కదా?"